బోరు ఇంచుల్లో, భూమి ఎకరాల్లో, డ్రిప్పు డిజైను లీటర్లలో: ఎట్లా పొంతన కుదిరేది?

కళ్యాణదుర్గం_చీనీ అడిగింది:

అన్నలకు నమస్కారం. 20 అడుగుల దూరంలో పెట్టిన చీనీ (బత్తాయి) తోటకు డ్రిప్పు వేయాలని చూస్తున్నాం. కంపెనీ వాళ్ల డిజైను షీటు వచ్చింది. మన కాగితాల్లో లెక్కకూ, ఆ షీటులో లెక్కకూ ఎక్కడా పొంతన లేదు.

పాసుపుస్తకంలో 4.35 ఎకరాలు. డ్రిప్పు దరఖాస్తు ఫారంలో హెక్టార్లు అడుగుతున్నారు. ఎఫ్ఎంబీ (సర్వే వాళ్ల కొలతల పుస్తకం) పటం తీస్తే గట్ల మీద 842, 517 అని అంకెలున్నాయి. అవి అడుగులా మీటర్లా అని రాసి లేదు. చేను దాదాపు దీర్ఘచతురస్రంగానే ఉంటుంది, మూలలు పెద్దగా వంకర లేవు.

బోరు 620 అడుగులు. మోటరు 480 అడుగుల దగ్గర దింపినారు, ఆడుతున్నప్పుడు నీటి మట్టం 420 దగ్గర నిలబడుతుంది. బోరు వేసినప్పుడు బండి వాళ్లు "రెండించుల నీళ్లు" అన్నారు. మోటరు 7.5 హెచ్‌పీ. డిజైను షీటులో మాత్రం నీటి వనరు గంటకు 10,900 లీటర్లు అని, చెట్లు 476 అని, చెట్టుకు 4 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు అని, అన్నిటికీ ఒకే వాల్వు అని ఉంది. తోటలో లెక్కపెడితే చెట్లు 459.

ఇంకొకటి. పావగడ పక్క ఇంకో ముక్క కౌలుకు మాట్లాడుతున్నాం. వాళ్ల పహణిలో (కర్ణాటక భూమి రికార్డు) 2.20 అని ఉంది. దాన్ని కూడా 0.89 హెక్టార్లు అని వేసుకోవచ్చా?

ఫోన్‌లో కన్వర్టర్ యాప్ పెట్టి అన్నీ మార్చి చూశాను. అయినా షీటుతో కలవడం లేదు.

గొలుసు_లింకు (ఆదోని):

ముందు భూమి సంగతి తేల్చుకుందాం, అది సులువు.

ఎకరా అంటే 4,046.86 చదరపు మీటర్లు. హెక్టారు 10,000 చదరపు మీటర్లు, అంటే 2.471 ఎకరాలు. మీ 4.35ను 0.40469తో గుణిస్తే 1.7604 వస్తుంది. ఫారంలో 1.76 హెక్టార్లు అని రాయండి. హెక్టారు, ఆర్ అని రెండు గళ్లు ఇచ్చి ఉంటే 1 హెక్టారు 76 ఆర్లు. ఆర్ అంటే 100 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 2.47 సెంట్లు. ఆర్‌నూ సెంటునూ ఒకటే అనుకొని రాసేవాళ్లు ఉన్నారు, అట్లా రాస్తే భూమి రెండున్నర రెట్లు తేడా పడుతుంది.

పటం మీద 842, 517 అనేవి లింకులు. అనుమానం తీర్చుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. 842ను 517తో గుణించండి: 4,35,314. సర్వే గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరా. అంటే లక్ష చదరపు లింకులు ఒక ఎకరా. కాబట్టి చుక్కను ఐదు స్థానాలు వెనక్కి జరిపితే 4.353 ఎకరాలు. పాసుపుస్తకంతో సరిపోయింది. అవే మీటర్లు అయ్యుంటే మీ చేను 107 ఎకరాలు కావాలి, అడుగులైతే పట్టున పది ఎకరాలు ఉండాలి. పటం ఏ కొలతలో గీశారో తెలియనప్పుడు ఇంతకంటే మంచి పరీక్ష లేదు. మూలలు వంకరగా ఉన్న చేనైతే త్రిభుజాలుగా విడగొట్టి ఇదే లెక్క వేయాలి.

ఒక లింకు 0.66 అడుగు, మీటర్లలో 0.2012. కాబట్టి చేను పొడవు 842 లింకులు, అంటే 555.7 అడుగులు, అంటే 169.4 మీటర్లు. వెడల్పు 517 లింకులు, అంటే 341.2 అడుగులు, అంటే 104 మీటర్లు. మెయిన్ పైపు పొడవు గట్టు వెంబడే పోతుందంటే 6 మీటర్ల పైపులు 29 పడతాయి. 20 అడుగుల పైపులు అని లెక్కేస్తే 28 వస్తాయి. 6 మీటర్లంటే 20 అడుగులు నిండవు మరి, పైపుకు దాదాపు నాలుగు ఇంచులు తక్కువ.

ఇంక పావగడ ముక్క. తొందరపడొద్దు. ఆంధ్రలో 2.20 అంటే 2 ఎకరాల 20 సెంట్లు. కర్ణాటక పహణిలో చుక్క తర్వాత ఉండేవి గుంటలు. గుంట ఎకరాలో నలభయ్యో వంతు, అంటే రెండున్నర సెంట్లు. 2 ఎకరాల 20 గుంటలంటే రెండున్నర ఎకరాలు, అంటే 1.01 హెక్టార్లు. మీరు 0.89 అనుకుంటే 30 సెంట్ల భూమిని లెక్కలోనే వదిలేసినట్టు. కౌలు ఎకరాకు ఇంత అని మాట్లాడుకునేటప్పుడు అవతలి వాళ్లు రెండున్నరకే అడుగుతారు, మీరు రెండుంబావు కంటే తక్కువకే లెక్క వేసుకొని కూర్చుంటారు.

కాగితం చూసి గుర్తుపట్టడం ఎట్లా అంటే, చుక్క తర్వాత 40 గానీ అంతకంటే పెద్ద అంకె గానీ ఉంటే అది గుంట కాదు, సెంటు. 39 లోపుంటే రెండూ అయ్యే అవకాశం ఉంది, అప్పుడు కాగితం ఏ రాష్ట్రానిదో, ఏ కాలానిదో చూడాలి. బళ్లారి ప్రాంతం 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది, ఆ పాత కాగితాలు సెంట్ల లెక్కలోనే ఉంటాయి. పావగడ మొదటినుంచీ మైసూరు పక్క, అక్కడ గుంటలే. పహణిలో మొత్తం విస్తీర్ణం పక్కన ఖరాబు అని ఇంకో గడి ఉంటుంది, అది తీసేసి మిగిలిందే సాగుకు పనికొచ్చేది. కౌలు దాని మీదే మాట్లాడుకోండి.

ఇంకో మాట, ఆ ముక్కను ఇక్కడి డ్రిప్పు దరఖాస్తులో కలపొద్దు. ఇక్కడి పాసుపుస్తకంలో ఉన్న భూమి వరకే రాయండి.

యాప్ గురించి: యాప్‌కు 2.20 ఎకరాలు అని చెబితే అది 0.89 అనే చెబుతుంది. తప్పు యాప్‌ది కాదు, దానికి ఇచ్చిన అంకెది.

పులివెందుల_తోటలు:

459కీ 476కీ తేడా ఎక్కడిదంటే, మీరు 20 అడుగులకు నాటారు, వాళ్లు 6 మీటర్లకు గీశారు.

20 అడుగులంటే 6.096 మీటర్లు. చెట్టుకు చెట్టుకు తేడా పది సెంటీమీటర్లు కూడా లేదు కదా అనిపిస్తుంది. గట్టు నుంచి 10 అడుగులు వదిలి 555.7 అడుగుల పొడవులో 20 అడుగులకొకటి పెడితే సాలుకు 27 చెట్లు, 341 అడుగుల వెడల్పులో 17 సాళ్లు. 27ను 17తో గుణిస్తే 459. అదే 6 మీటర్ల లెక్కన గట్టు నుంచి 3 మీటర్లు వదిలితే 169.4 మీటర్లలో 28 పడతాయి, వెడల్పులో 17 సాళ్లే. 28ని 17తో గుణిస్తే 476. ప్రతి సాలుకూ ఒక చెట్టు ఎక్కువ, మొత్తం 17 చెట్లు. అందరూ చేసే ఇంకో లెక్క ఎకరా 43,560 చదరపు అడుగులను 400తో భాగించడం. ఎకరాకు 109 చెట్లు, 4.35 ఎకరాలకు 474 వస్తుంది. అది గట్ల పక్కన వదిలే చోటును లెక్కపెట్టదు. మొక్కలు కొనడానికి అంచనాగా పనికొస్తుంది, డ్రిప్పు సామాన్ల పట్టీకి పనికిరాదు.

డ్రిప్పర్లు 68 ఎక్కువ వచ్చినా నష్టం లేదు, చెడిపోయిన చోట పెట్టుకోవచ్చు. అసలు ఇబ్బంది సబ్ మెయిన్ (సాళ్లకు అడ్డంగా పోయి నీళ్లు పంచే పైపు) మీద. లాటరల్ పైపులకు (సాలు వెంబడి పోయే సన్న పైపులు) సబ్ మెయిన్ మీద చిల్లులు షీటు ప్రకారం 6 మీటర్లకొకటి వేశారనుకోండి. సాళ్లు 20 అడుగుల్లో ఉన్నాయి. 17వ సాలుకు వచ్చేసరికి 16 ఖాళీలు, ఒక్కోదానికి 9.6 సెంటీమీటర్లు, అంటే ఒకటిన్నర మీటరు తేడా. చివరి లాటరల్ చెట్టు మొదట్లో కాకుండా సాళ్ల మధ్య దారిలోకి వస్తుంది. పనివాళ్లకు మీటర్ల టేపు ఇవ్వకుండా, చెట్టు దగ్గర నిలబడి గుర్తు పెట్టి, అక్కడే చిల్లు వేయమనండి. నాటిన తోటలో కొలత కంటే చెట్టే ప్రమాణం.

లాటరల్ పైపు ఎంత పడుతుందంటే, సాలు 169 మీటర్లు, 17 సాళ్లు. సాలుకు ఒక వరుస అయితే 2,880 మీటర్లు. చెట్టుకు రెండు పక్కలా రెండు వరుసలు వేస్తే 5,760. 500 మీటర్ల కట్టలైతే 12 కావాలి. కట్టలు అడుగుల్లో అమ్మే దుకాణం ఉంటే మీటరుకు 3.28 అడుగులని గుర్తుపెట్టుకోండి.

బోరుబండి (తాడిపత్రి):

షీటులో అసలు తప్పు 10,900 దగ్గర ఉంది. మిగతావన్నీ దాని వెనకాల వచ్చినవే.

రెండించుల పైపు నిండుగా, సెకనుకు ఒకటిన్నర మీటరు వేగంతో పారితే ఎంత వస్తుందో వాళ్లు లెక్క వేశారు. పైపు లోపలి వెడల్పు 50.8 మిల్లీమీటర్లు, అడ్డుకోత 20.3 చదరపు సెంటీమీటర్లు, సెకనుకు 3.04 లీటర్లు, గంటకు దాదాపు 10,900. లెక్క తప్పు కాదు. కానీ బండి వాళ్లు చెప్పిన ఇంచులు పైపు ఇంచులు కావు.

బోరు వేసేటప్పుడు కంప్రెసర్‌తో ఊదిన నీళ్లను కాలువ తవ్వి వదులుతారు. కాలువకు అడ్డంగా వీ ఆకారంలో కోసిన ఇనుప రేకు నిలబెడతారు. ఆ వీ అడుగు నుంచి నీళ్లు ఎంత ఎత్తున పారుతున్నాయో స్కేలు పెట్టి చూసి ఒకటిన్నర, రెండు, మూడు ఇంచులని చెబుతారు. అది ఎత్తు, వెడల్పు కాదు. 90 డిగ్రీల కోతకు సూత్రం ఇది: ఎత్తును మీటర్లలో రాసి, రెండున్నర ఘాతానికి పెంచి, 1.38తో గుణిస్తే సెకనుకు ఘనపు మీటర్లు. చేతితో వేసే పని లేకుండా గంటకు లీటర్లలో ఇస్తున్నా:

1 ఇంచు: 510
ఒకటిన్నర: 1,410
2 ఇంచులు: 2,890
రెండున్నర: 5,050
3 ఇంచులు: 7,960

ఒక ఇంచుకు రెండించులు రెట్టింపు అనుకోకండి, ఐదున్నర రెట్లు దాటింది. మూడించులు ఒక ఇంచుకు పదిహేను రెట్లకు పైనే. అందుకే "మూడించుల బోరు" ఉన్న చేను ధర వేరు. అందుకే స్కేలు చదవడంలో పావు ఇంచు అటూ ఇటూ అయినా పెద్ద తేడా వస్తుంది. పావు తక్కువ రెండు, అంటే 1.75 ఇంచులైతే 2,070 లీటర్లు, 2.25 అయితే 3,880. స్కేలును కోత మొదట్లో పెడితే అక్కడ నీళ్లు వంగి దిగుతుంటాయి కాబట్టి తక్కువ చూపిస్తుంది. ఎత్తుకు నాలుగు రెట్ల దూరంలో, వెనక కాలువలో నీళ్లు నెమ్మదిగా ఉన్నచోట కొలవాలి. కాలువలో నురగ, సుడులు ఉంటే ఆ కొలత నమ్మొద్దు.

పైగా కంప్రెసర్ ఊదినప్పుడు వచ్చే నీళ్లు, మోటరు పెట్టి రోజంతా తోడినప్పుడు వచ్చే నీళ్లు ఒకటి కావు. ఊదినప్పుడు బోరు గొట్టంలో ముందే చేరి ఉన్న నీళ్లు కూడా బయటికొస్తాయి. కాబట్టి ఇంచులను లీటర్లలోకి మార్చడం కంటే డ్రమ్ము పెట్టి చూడడం మేలు. మోటరు ఎండాకాలంలో మూడు నాలుగు గంటలు ఆడిన తర్వాత, ఫిల్టరు దగ్గర పైపు విప్పి 200 లీటర్ల గీత పెట్టిన డ్రమ్ములోకి వదలండి. నిండడానికి పట్టిన సెకన్లతో 7,20,000ను భాగిస్తే గంటకు లీటర్లు. 248 సెకన్లు పడితే 2,900. నీలం ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కొన్ని 55 గ్యాలన్లవి, అవి అమెరికా గ్యాలన్లు, 3.785 లీటర్లతో గుణిస్తే 208 లీటర్లు. అంచు దాకా నింపి 200 అనుకుంటే నాలుగు శాతం తేడా. బకెట్‌తో 200 లీటర్లు కొలిచి పోసి డ్రమ్ముకు గీత గీసుకోండి.

పాత రిపోర్టుల్లో గంటకు గ్యాలన్లు అని ఉంటే అవి బ్రిటిషు గ్యాలన్లు అయ్యే అవకాశం ఎక్కువ, 4.546 లీటర్లు. మీ 2,890 లీటర్లు ఆ లెక్కన 636 గ్యాలన్లు. మోటరు పట్టీ మీద ఎల్‌పీఎస్, ఎల్‌పీఎం అని ఉంటాయి. సెకనుకు ఒక లీటరు అంటే నిమిషానికి 60, గంటకు 3,600. మీది సెకనుకు 0.8, నిమిషానికి 48. హంద్రీ-నీవా కాలువ గురించి క్యూసెక్కులు అంటుంటారు కదా, ఒక క్యూసెక్కు సెకనుకు 28.3 లీటర్లు. మీలాంటి బోర్లు 35 కలిస్తే ఒక క్యూసెక్కు.

పులివెందుల_తోటలు:

బోరుబండి అన్న చెప్పిన 2,890తో షీటును మళ్లీ చదివితే ఏమవుతుందో చూడండి.

చెట్టుకు 16 లీటర్లు, 459 చెట్లకు గంటకు 7,344 లీటర్లు కావాలి. ఒకే వాల్వుతో అన్నిటికీ వదిలితే ఉన్న 2,890 లీటర్లు 1,836 డ్రిప్పర్లకు పంచుకోవాలి. ఒక్కోదానికి ఒకటిన్నర లీటరు. మామూలు డ్రిప్పరు 4 లీటర్లు ఇచ్చేది ఒక కిలో (చదరపు సెంటీమీటరుకు) ఒత్తిడి దగ్గర. నీళ్లు సగమైతే ఒత్తిడి నాలుగో వంతుకు పడుతుంది. ఒకటిన్నర లీటరు దగ్గర ఒత్తిడి 0.15 కిలో. అంత తక్కువలో నీళ్లు అందరికీ సమంగా కూడా రావు, మొదటి సాళ్లు తాగేస్తాయి, చివరి సాళ్ల దగ్గర చుక్క పడదు. అప్పుడు డ్రిప్పర్లలో మట్టి మూసుకుందని విప్పి పొడుస్తారు, యాసిడ్ కడతారు. మట్టిది కాదు తప్పు.

మీ బోరుకు ఒకేసారి 180 చెట్ల కంటే ఎక్కువ పెట్టకూడదు. సాళ్లు 17 కాబట్టి 6, 6, 5గా మూడు వాల్వులు వేయించండి. 6 సాళ్లకు 162 చెట్లు, గంటకు 2,592 లీటర్లు. పగటిపూట 9 గంటల కరెంటును మూడు భాగాలు చేస్తే ఒక్కో వాల్వుకు 3 గంటలు, చెట్టుకు 48 లీటర్లు.

అది చాలుతుందా లేదా అనేది ఇంకో మార్పు లెక్క. వాన గానీ ఆవిరి గానీ మిల్లీమీటర్లలో చెబుతారు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు అంటే సరిగ్గా ఒక లీటరు. ఇది కన్వర్టర్ లేకుండా మనసులో వేసుకోగలిగిన లెక్క. చెట్టు గొడుగు 4 మీటర్ల వెడల్పు ఉందనుకుంటే నీడ 12.6 చదరపు మీటర్లు. నడి వేసవిలో రోజుకు 7 మిల్లీమీటర్లు ఆవిరవుతుందని, చెట్టుకు అందులో 0.7 వంతు కావాలని తీసుకుంటే, 12.6 × 7 × 0.7 = 62 లీటర్లు. మీకు వచ్చేది 48. చెట్టుకు రోజుకు 14 లీటర్లు తక్కువ. డ్రిప్పర్లు ఇంకో రెండు పెంచితే నీళ్లు పెరగవు, బోరు ఇచ్చేదే ఇస్తుంది. చెట్టు మొదట్లో శనగ పొట్టో, ఎండుటాకులో మందంగా కప్పి ఆవిరి తగ్గించాలి, లేదా తొట్టి కట్టి రాత్రి కరెంటు వచ్చినప్పుడు నింపుకోవాలి. గొడుగు 3 మీటర్లే ఉంటే నీడ 7 చదరపు మీటర్లు, 35 లీటర్లు చాలు. కాబట్టి ముందు టేపు పట్టుకొని నాలుగు చెట్ల గొడుగు కొలిచి, తర్వాత కంగారుపడండి.

అదే లెక్కన ఒక ఇంచు వాన, అంటే 25.4 మిల్లీమీటర్లు, ఎకరా మీద లక్షా రెండు వేల లీటర్లకు పైన. మీ బోరు అంత నీళ్లు ఇవ్వాలంటే 35 గంటలు ఆడాలి.

కళ్యాణదుర్గం_చీనీ:

చాలా విషయం దొరికింది. మూడు వాల్వులు వేయించమని చెబుతాను. పావగడ వాళ్లతో గుంటల లెక్కనే మాట్లాడతాను.

మోటరు 7.5 హెచ్‌పీ ఉంది కదా, అది సరిపోతుందా? మధ్యమధ్య నీళ్లు ఆగి గాలి పట్టుకుంటోంది. ఇంకొకటి, కాలమ్ పైపు (బోరులో మోటరు నుంచి పైకి వచ్చేది) రెండించుల జీఐ, అంటే జింకు పూసిన ఇనుపది. దుకాణంలో 50 మిల్లీమీటర్ల పీవీసీ తీసుకుంటే, రెండించులంటే 50.8 కాబట్టి కలుస్తుందా?

బోరుబండి (తాడిపత్రి):

కలవదు. జీఐ పైపును ఇంచుల్లో చెప్పేటప్పుడు సుమారుగా లోపలి వెడల్పు చెబుతారు, దాని బయటి వెడల్పు 60.3 మిల్లీమీటర్లు. పీవీసీని మిల్లీమీటర్లలో చెప్పేటప్పుడు బయటి వెడల్పు చెబుతారు. కాబట్టి రెండించుల జీఐకి జోడీ 63 మిల్లీమీటర్ల పీవీసీ. 50 అంటే ఒకటిన్నర ఇంచు పైపు. రెండున్నరకు 75, మూడుకు 90, నాలుగుకు 110. 25.4తో గుణించి పైపు కొనేవాళ్లు ప్రతి సీజనులో దుకాణానికి రెండోసారి వస్తారు. నిజానికి సెకనుకు 0.8 లీటర్లకు 50 పైపు కూడా చాలు, రాపిడి పెద్దగా ఉండదు. గొడవంతా జాయింటు దగ్గరే. 50 వేయాలనుకుంటే రెడ్యూసర్ అడగండి.

ఇంక మోటరు. దింపిన లోతు 480 అడుగులంటే 146 మీటర్లు. కానీ మోటరు ఎత్తేది దింపిన చోటు నుంచి కాదు, ఆడుతున్నప్పుడు నీళ్లు నిలబడే మట్టం నుంచి. 420 అడుగులు, అంటే 128 మీటర్లు. దాని మీద డ్రిప్పుకు, ఫిల్టరుకు 2 కిలోల ఒత్తిడి, ఒక కిలో అంటే 10 మీటర్ల నీటి ఎత్తు కాబట్టి 20 మీటర్లు. రాపిడికి 5. మొత్తం 153 మీటర్లు.

సెకనుకు 0.8 లీటర్లను 153 మీటర్లు ఎత్తాలంటే 0.8 × 9.81 × 153, అంటే 1,200 వాట్లు. పంపు, మోటరు కలిపి నూటికి 45 పాళ్లు పనిచేస్తాయనుకుంటే 2.7 కిలోవాట్లు. హెచ్‌పీకి 746 వాట్లు, అంటే మూడున్నర హెచ్‌పీ పైచిలుకు. మీది 7.5 హెచ్‌పీ, పట్టీ మీద 5.5 కిలోవాట్లు అని ఉంటుంది. అదే ఎత్తుకు అది నిమిషానికి వంద లీటర్ల దాకా లాగుతుంది. బోరు ఇచ్చేది 48. నీళ్లు 420 దగ్గర నిలబడడం అంటే బహుశా కొంచెం సేపే, తర్వాత మట్టం మోటరు దాకా దిగి గాలి పడుతోంది. హెచ్‌పీ ఎక్కువైతే నీళ్లు ఎక్కువ రావు, ఉన్న నీళ్లు తొందరగా అయిపోతాయి.

కొత్త మోటరు కొనేదాకా, బోరు పైన గేట్ వాల్వు తిప్పి డ్రమ్ము లెక్కన నిమిషానికి 45 లీటర్లకు తగ్గించండి. అట్లా బిగించినప్పుడు బోరు తలకాయ దగ్గర ఒత్తిడి పెరుగుతుంది, వాల్వుకు ముందున్న పైపు జీఐదే ఉండాలి, పీవీసీ పెట్టొద్దు. నీళ్లు తగ్గితే మోటరును ఆపే డ్రై రన్ రిలే స్టార్టరులో పెట్టించండి. మార్చేటప్పుడు 5 హెచ్‌పీ అడగండి, కానీ హెచ్‌పీ చూసి తేవద్దు. పట్టీ మీద 153 మీటర్ల హెడ్డు (నీళ్లు ఎత్తే ఎత్తు) దగ్గర నిమిషానికి 50 నుంచి 60 లీటర్లు ఇచ్చేది కావాలని చెప్పండి. అదే 5 హెచ్‌పీలో స్టేజీలు తక్కువుండి నీళ్లు ఎక్కువిచ్చే పంపులు కూడా ఉంటాయి. అవి ఇంత లోతు నుంచి పైకి తేలేవు.

జీఐ తీసి యూపీవీసీ కాలమ్ వేయాలనుకుంటే పైపుల లెక్క జాగ్రత్త. జీఐ 20 అడుగులవి, 24 పైపులు వేస్తే సరిగ్గా 480. యూపీవీసీ కాలమ్ 3 మీటర్లవి, 10 అడుగులకు దాదాపు రెండు ఇంచులు తక్కువ. 48 పైపులు వేసి 480 అడుగులు అనుకుంటే మోటరు ఏడున్నర అడుగులు పైనే ఆగుతుంది. మట్టం అంచున ఉన్న బోర్లలో ఆ ఏడడుగులే గాలి పట్టడానికి కారణమవుతాయి. 49 తీసుకోండి, కేబులు, తాడు కూడా ఆ కొలతకే కోయండి.

గొలుసు_లింకు (ఆదోని):

ఒత్తిడి గడియారం కొనేటప్పుడు ముఖం చూసి కొనండి. కొన్నిటి మీద పీఎస్ఐ ఒకటే ఉంటుంది, కొన్నిటి మీద కిలోలు. ఒక కిలో 14.2 పీఎస్ఐ. బార్ అని ఉంటే దాన్ని కిలోగానే తీసుకోవచ్చు, తేడా రెండు శాతం. ఫిల్టరుకు ముందు ఒకటి, తర్వాత ఒకటి పెట్టి, రెండింటి మధ్య తేడా అర కిలో, అంటే 7 పీఎస్ఐ దాటితే ఫిల్టరు విప్పి కడగాలి. ఒకవైపు కిలోల గడియారం, ఇంకోవైపు పీఎస్ఐ గడియారం పెట్టొద్దు. పనివాడు 2 చూసి, 25 చూసి, తేడా 23 అని ఫోను చేస్తాడు.